ఒకే లాగిన్, రెండు పాత్రలు: ఆన్‌లైన్ చదువులపై సాగిన పేటెంటు వ్యాజ్యం

ముందుగా ఒక చిన్న దృశ్యాన్ని ఊహించుకుందాం. క్యారీలో ఒక తెలుగు గృహిణి. పిల్లలు కొంచెం పెద్దవారయ్యాక మళ్ళీ చదువు మొదలుపెట్టి, దగ్గరలోని కాలేజీలో సాయంకాలపు తరగతుల్లో ఎకౌంటింగు చదువుకుంటోంది. స్వదేశంలో ఉండగా గణితంలో ఎం.ఎస్‌సి. చేసి ఉండడం వల్ల, అదే కాలేజీలో ఒక లెక్కల తరగతికి సహాయ బోధకురాలిగా కూడా పనిచేస్తోంది. రాత్రి వంటిల్లు సర్దుకున్న తరువాత కంప్యూటరు ముందు కూర్చుని తన పేరు, పాస్‌వర్డు ఒక్కసారి ఇస్తుంది. తెరమీద రెండు తరగతులూ కనిపిస్తాయి. ఎకౌంటింగు తరగతిలో ఆమె విద్యార్థిని; హోంవర్కు అప్పగించగలదు కాని తోటివారి మార్కులు చూడలేదు. లెక్కల తరగతిలో ఆమె ఉపాధ్యాయిని. అందరి జవాబులూ దిద్ది మార్కులు వేయగలదు. మనిషి ఒక్కరే, తాళంచెవి ఒక్కటే, పాత్రలు మాత్రం రెండు.

ఇందులో విశేషమేమున్నదని పాఠకులు అడగవచ్చు. ఈపాటి ఏర్పాటు ఎవరికైనా తోచేదే కదా అనిపించవచ్చు. కాని ఈ ఏర్పాటు ఎవరి సొత్తు అన్న ప్రశ్నపై అమెరికా కోర్టుల్లో 2006 నుండి 2009 వరకు మూడేళ్ళకు పైగా వ్యాజ్యం నడిచింది. ఒక సంస్థ ముప్పది ఒక్క లక్షల డాలర్లు చెల్లించాలని జ్యూరీ తీర్పు చెప్పింది. ఆపైన అప్పీలు కోర్టు ఆ తీర్పును తలక్రిందులు చేసింది. రాలీ, డర్హమ్, చాపెల్‌హిల్ పరిసరాల్లో స్థిరపడిన మన కుటుంబాల్లో చాలామందికి సాఫ్ట్‌వేరే జీవనాధారం. మన పిల్లల చదువులు రోజురోజుకూ ఇటువంటి వెబ్‌సైట్ల మీదనే ఆధారపడుతున్నాయి. కనుక ఆ వ్యాజ్యం కథ మనం రెండు విధాలుగా తెలుసుకోదగినది.

పేటెంటు అంటే ఏమిటి?

పేటెంటు ఒక ఒప్పందం వంటిది. ఆవిష్కర్త తాను కనిపెట్టిన విషయాన్ని దాపరికం లేకుండా, ఆ రంగంలో పనిచేసే మరొకరు చదివి తయారు చేయగలిగేటంత వివరంగా వ్రాసి లోకానికి ఇవ్వాలి. బదులుగా ప్రభుత్వం ఆ ఆవిష్కరణను ఇతరులు తయారు చేయకుండా, అమ్మకుండా, వాడకుండా ఆపే హక్కును కొంతకాలం పాటు అతనికి ఇస్తుంది. అమెరికాలో నేడు ఆ కాలం దరఖాస్తు చేసిన నాటి నుండి 20 సంవత్సరాలు. ఆవిష్కరణ కొత్తదై ఉండాలి, ఉపయోగకరమై ఉండాలి, ఆ విద్య తెలిసినవారికి సులభంగా తోచేదై ఉండరాదు.

కాపీరైటు వేరు, పేటెంటు వేరు. ఒక ప్రోగ్రామును వ్రాసిన తీరును కాపీరైటు కాపాడుతుంది. ఆ ప్రోగ్రాము చేసే పనిని కాదు. ఇందుకు మన ఊరి ఉదాహరణే ఉన్నది. 1980 నుండి క్యారీలో ఉన్న సాస్ సంస్థ తన సాఫ్ట్‌వేరు నేర్చుకునేవారి కోసం లర్నింగ్ ఎడిషన్ అనే కూర్పును అమ్మేది. ఇంగ్లండుకు చెందిన వరల్డ్ ప్రోగ్రామింగ్ అనే సంస్థ దానిని కొని, అది పనిచేసే తీరును పరిశీలించి, సాస్ భాషలో వ్రాసిన ప్రోగ్రాములను నడిపించగల మరొక సాఫ్ట్‌వేరును సొంతంగా తయారు చేసింది. ప్రోగ్రాము చేసే పనికి గాని, ప్రోగ్రామింగు భాషకు గాని కాపీరైటు వర్తించదని 2012 మే 2న యూరపు న్యాయస్థానం చెప్పింది. అయితే లైసెన్సు షరతులను ఉల్లంఘించడం, మోసం అనే కారణాలపై నార్త్ కరొలైనా ఫెడరల్ కోర్టులో సాస్ గెలిచింది. దాదాపు 7 కోట్ల 90 లక్షల డాలర్ల తీర్పును 2017లో అప్పీలు కోర్టు నిలబెట్టింది. చేసే పనినే తన సొత్తుగా నిలుపుకోవాలంటే కాపీరైటు చాలదు, పేటెంటు కావాలి. సాఫ్ట్‌వేరు సంస్థలు పేటెంట్ల వైపు మొగ్గు చూపడానికి ఇదొక కారణం.

పేటెంటు పత్రంలో అన్నిటికంటె ముఖ్యమైనవి చివర వచ్చే క్లెయిములు. మన ఊళ్ళో పొలం రిజిస్టరు చేసేటప్పుడు దస్తావేజులో చెక్కుబంది వ్రాస్తారు కదా: తూర్పున ఫలానావారి పొలం, పడమర పంట కాలువ, ఉత్తరాన బాట, దక్షిణాన చెరువు గట్టు అని. పొలం ఎంత సారవంతమైనదో పొగడుతూ పది పేజీలు వ్రాసినా, తగాదా వచ్చినప్పుడు అధికారి చూసేది ఆ నాలుగు హద్దులనే. పేటెంటులో క్లెయిములు ఆ చెక్కుబందివంటివి. హద్దులను విశాలంగా వ్రాసుకుంటే ఎక్కువమంది మీద దావా వేయవచ్చు. కాని ఆ విశాలమైన హద్దుల లోపల పాతవారి పొలం ఏదైనా పడితే దస్తావేజే చెల్లకుండా పోయే ప్రమాదం ఉన్నది. ఈ వ్యాసంలోని కథ అంతా ఆ ఒక్క సూత్రం చుట్టూనే తిరుగుతుంది.

పసుపు చెప్పిన పాఠం

పాతవారి పొలం అన్న మాటను పేటెంటు న్యాయంలో పూర్వ విజ్ఞానం అనవచ్చు. దరఖాస్తుకు ముందే లోకానికి తెలిసి ఉన్న విషయమని దాని అర్థం. మనందరికీ తెలిసిన ఉదాహరణ పసుపు. గాయాలను మాన్పడానికి పసుపు వాడే పద్ధతిపై 1995లో మిసిసిపీ విశ్వవిద్యాలయపు వైద్య కేంద్రానికి అమెరికా పేటెంటు లభించింది. దెబ్బ తగిలితే పసుపు అద్దడం మన అమ్మమ్మలందరికీ తెలుసు. కాని అమ్మమ్మకు తెలుసునని చెబితే పేటెంటు కార్యాలయం ఒప్పుకోదు. భారతదేశపు శాస్త్రీయ, పారిశ్రామిక పరిశోధన మండలి ప్రాచీన గ్రంథాలను, 1953లో భారతీయ వైద్య పత్రికలో వచ్చిన ఒక వ్యాసాన్ని వెదకి తీసి సమర్పించింది. 1997లో ఆ పేటెంటు రద్దయింది. తెలిసి ఉండడం ఒకటి, తెలిసినట్లు తేదీతో సహా కాగితం మీద చూపగలగడం మరొకటి. ఆన్‌లైన్ చదువుల వ్యాజ్యంలోనూ సరిగ్గా ఇదే జరిగింది.

బ్లాక్‌బోర్డు దావా

బ్లాక్‌బోర్డు సంస్థ 1997లో వాషింగ్టన్ నగరంలో మొదలయింది. మరుసటి సంవత్సరం, కార్నెల్ విశ్వవిద్యాలయంలో విద్యార్థులు స్థాపించిన కోర్స్‌ఇన్‌ఫో అనే చిన్న సంస్థ దానిలో కలిసింది. పాఠాలు, పరీక్షలు, మార్కులు, చర్చలు అన్నీ ఒకేచోట నడిపే సాఫ్ట్‌వేరును కాలేజీలకు అమ్మడం దాని వ్యాపారం. 1999 జూన్ 30న తాత్కాలిక దరఖాస్తు, సరిగ్గా ఏడాదికి పూర్తి దరఖాస్తు చేసుకోగా, 2006 జనవరి 17న దానికి 6,988,138 సంఖ్యగల పేటెంటు లభించింది. అందులో మొత్తం 44 క్లెయిములు ఉన్నాయి. ఆ ఏడాదే తన ముఖ్య పోటీదారు వెబ్‌సిటి సంస్థను కూడా బ్లాక్‌బోర్డు కొనివేసింది.

2006 జూలై 26న బ్లాక్‌బోర్డు తన పేటెంటు సంగతి ప్రకటించి, కెనడాలోని ఆంటారియోకు చెందిన డిజైర్ టు లర్న్ అనే చిన్న పోటీ సంస్థపై టెక్సస్ తూర్పు ప్రాంతపు ఫెడరల్ కోర్టులో దావా వేసింది. విద్యాలోకం ఉలిక్కిపడింది. ఒక సంస్థ మరొక సంస్థపై దావా వేయడం కొత్త కాదు. కాని ఈ పేటెంటు నిలిస్తే అది ఆ ఒక్క సంస్థతో ఆగదు. తమ అధ్యాపకులే తయారు చేసుకున్న సాఫ్ట్‌వేరు వాడే విశ్వవిద్యాలయాలు, మూడుల్, సకాయి వంటి ఉచిత సాఫ్ట్‌వేర్లు వాడే చిన్న కాలేజీలు, పాఠశాలలు అన్నీ దాని నీడలోకి వస్తాయి. లైసెన్సు రుసుము కట్టవలసి వస్తే అది చివరకు చేరేది విద్యార్థుల ఫీజులలోకే. ఉన్నత విద్యలో కంప్యూటర్ల వినియోగాన్ని చూసే ఎడ్యుకాజ్ సంఘం అక్టోబరులో బ్లాక్‌బోర్డుకు లేఖ వ్రాసి, పేటెంటు హక్కులను వదులుకోవలసిందిగా కోరింది.

బ్లాక్‌బోర్డు పక్షాన కూడా ఒక వాదన ఉన్నది. సొమ్ము, శ్రమ వెచ్చించి తయారు చేసినదానిని పోటీదారులు ఊరికే అనుకరిస్తే కొత్తదానికి పూనుకునేవారు ఎవరు? పేటెంటు చట్టం పుట్టినదే ఆ ప్రశ్నకు జవాబుగా. 2007 ఫిబ్రవరి 1న ఆ సంస్థ, ఉచిత సాఫ్ట్‌వేర్ల మీద, విద్యాసంస్థలు సొంతంగా తయారు చేసుకున్నవాటి మీద తన పేటెంటును ప్రయోగించబోనని బహిరంగంగా మాట ఇచ్చింది. డిజైర్ టు లర్న్ పై దావా మాత్రం కొనసాగింది.

పాత కాగితాల వేట

దావా వార్త వెలువడిన కొద్ది వారాల్లోనే అనేక దేశాల ఉపాధ్యాయులు, ప్రోగ్రామర్లు పాత కాగితాలు వెదకడం మొదలుపెట్టారు. 1999కి ముందు కంప్యూటరు ద్వారా చదువు చెప్పిన ప్రతి ప్రయత్నాన్నీ తేదీలతో సహా వికీపీడియాలో ఒక పెద్ద పట్టికగా కూర్చారు.

ఆ పట్టికలో తప్పక చెప్పుకోవలసిన పేరు ప్లేటో. ఇలినాయ్ విశ్వవిద్యాలయంలో 1960లో డొనాల్డ్ బిట్జర్ మొదలుపెట్టిన ఈ వ్యవస్థ, ఇంటర్నెట్టు జనబాహుళ్యానికి చేరడానికి చాలా ముందే వేలమంది విద్యార్థులకు కంప్యూటరు తెరలపై పాఠాలు చెప్పింది. విద్యార్థికి ఒక రకం ప్రవేశం, బోధకుడికి ఒక రకం, పాఠాలు వ్రాసేవారికి మరొక రకం అన్న విభజన అందులో అప్పుడే ఉన్నది. మనకు సంతోషకరమైన విషయమేమంటే, ఆ బిట్జర్ 1989 నుండి మన పక్కనే, రాలీలోని నార్త్ కరొలైనా స్టేట్ విశ్వవిద్యాలయంలో ఆచార్యులుగా పనిచేశారు. మన ప్రాంతపు తెలుగు విద్యార్థులు ఎందరో చదువుకున్న విశ్వవిద్యాలయం అది. ఆయన 2024 డిసెంబరులో కన్నుమూశారు.

2006 నవంబరు 30న సాఫ్ట్‌వేర్ ఫ్రీడమ్ లా సెంటర్ అనే న్యాయ సహాయ సంస్థ మూడుల్, సకాయి, ఎట్యూటర్ అనే మూడు ఉచిత సాఫ్ట్‌వేర్ల తరఫున పేటెంటు కార్యాలయానికి దరఖాస్తు పెట్టింది. పూర్వ విజ్ఞానపు ఆధారాలను చూసి ఈ పేటెంటును తిరిగి పరిశీలించమని అందులో కోరింది. డిజైర్ టు లర్న్ కూడా మరొక దరఖాస్తు పెట్టింది. కార్యాలయం రెండింటికీ అంగీకరించింది.

రెండు తీర్పులు

ఇక ఇక్కడి నుండి కథ రెండు దారుల్లో నడిచింది. ఒకటి కోర్టు దారి, రెండవది పేటెంటు కార్యాలయం దారి.

టెక్సస్ న్యాయాధీశుడు మొదటి 35 క్లెయిములు అస్పష్టంగా ఉన్నాయని విచారణకు ముందే కొట్టివేశారు. మిగిలినవాటిలో 36, 37, 38 క్లెయిములపై 2008 ఫిబ్రవరిలో జ్యూరీ విచారణ జరిగింది. డిజైర్ టు లర్న్ పేటెంటును ఉల్లంఘించిందని, 31 లక్షల డాలర్లు చెల్లించాలని జ్యూరీ చెప్పింది. మార్చిలో కోర్టు నిషేధాజ్ఞ ఇచ్చింది. చేసేది లేక ఆ సంస్థ తన సాఫ్ట్‌వేరు నిర్మాణాన్ని మార్చుకోవలసి వచ్చింది. చిత్రమేమంటే, అదే మార్చి నెలలో పేటెంటు కార్యాలయం 44 క్లెయిములనూ తిరస్కరిస్తున్నట్లు ప్రాథమిక అభిప్రాయం ప్రకటించింది. ఒకే పేటెంటు, ఒకే నెల. ఒక ప్రభుత్వ అంగం చెల్లుతుందంటే మరొకటి చెల్లదన్నది!

అప్పీలు కోర్టు తీర్పు 2009 జూలై 27న వచ్చింది. అందులోని వాదం మన గృహిణి కథతో చూస్తే సులభంగా అర్థమవుతుంది. బ్లాక్‌బోర్డు ఏమన్నదంటే: పాత వ్యవస్థల్లో ఒక మనిషికి రెండు తరగతుల్లో రెండు పాత్రలు ఉండవచ్చు, నిజమే; కాని వాటికి విడివిడిగా లాగిన్ కావాలి. ఒకే లాగిన్‌తో రెండు పాత్రలూ నిర్వహించగలగడమే మా ఆవిష్కరణ, అని.

న్యాయమూర్తులు క్లెయిము వాక్యాలను తెరచి చదివారు. ఒక వాడుకదారుకు అనేక పాత్రలు ఉండగలవన్న మాట అక్కడ ఉన్నది. ఒకే లాగిన్ అన్న మాట లేదు! చెక్కుబందిలో వ్రాయని హద్దును తగాదా వచ్చిన తరువాత చేర్చుకోవడం కుదరదు. ఆ హద్దు లేకపోతే మిగిలినది ఒక మనిషి, అనేక పాత్రలు అన్న విశాలమైన విషయం. అది 1999కి ముందే డెలవేర్ విశ్వవిద్యాలయంలో తయారైన సర్ఫ్ అనే వ్యవస్థలో ఉన్నది. కోర్స్‌ఇన్‌ఫో 1.5 అనే వ్యవస్థలోనూ ఉన్నది. పాఠకులకు ఈ రెండవ పేరు గుర్తుండే ఉంటుంది: బ్లాక్‌బోర్డులో కలిసిపోయిన సంస్థ తయారు చేసినదే అది. అనగా తన ఇంటి పాత సరుకే తన పేటెంటుకు అడ్డు వచ్చినదన్నమాట. ఆ మూడు క్లెయిములూ చెల్లవని కోర్టు తీర్మానించింది. జ్యూరీ తీర్పు వీగిపోయింది.

మొదటి 35 క్లెయిముల విషయంలో కింది కోర్టు నిర్ణయాన్ని అప్పీలు కోర్టు సమర్థించింది. ఎవరికి ఏ పేజీ చూపాలో నిర్ణయించే భాగం ఒకటి ఉన్నదని పేటెంటులో చెప్పారు కాని, అది ఆ పనిని ఏ విధంగా చేస్తుందో చెప్పలేదు. పెట్టె ఉన్నదన్నారు, మూత తీసి చూపలేదు. లోకానికి విద్య నేర్పినందుకు ప్రతిఫలమే పేటెంటు అని మొదట చెప్పుకున్నాం. నేర్పకుండా ప్రతిఫలం కోరడం చెల్లదు.

2009 డిసెంబరులో రెండు సంస్థలూ రాజీపడి తమ మధ్య ఉన్న వ్యాజ్యాలన్నీ ముగించుకున్నాయి. ఆ తరువాతి సంవత్సరాల్లో మన సమీపంలోని డ్యూక్ విశ్వవిద్యాలయం, చాపెల్‌హిల్‌లోని నార్త్ కరొలైనా విశ్వవిద్యాలయం రెండూ బ్లాక్‌బోర్డును విడిచి, పైన చెప్పిన సకాయికి మారాయి. పదేళ్ళ తరువాత సకాయిని కూడా విడిచి కాన్వాస్ అనే మరొక వ్యవస్థకు వెళ్ళాయి. ఇష్టం వచ్చినదానికి మారగలగడమే విద్యాసంస్థలకు దక్కిన మేలు. ఆ పేటెంటు ఆ విశాలమైన రూపంలోనే నిలిచి ఉంటే ఈ రాకపోకలు ఇంత నిశ్చింతగా సాగేవి కావు.

క్యారీ నుండి సుప్రీం కోర్టుకు

ఈ వ్యాజ్యంలో రెండు దారులూ ఒకదానితో ఒకటి పొందిక లేకుండా నడిచినట్లే ఇతర వ్యాజ్యాల్లోనూ జరుగుతూ ఉండేది. 2011లో అమెరికా కాంగ్రెసు పేటెంటు చట్టాన్ని సంస్కరించి, ఇచ్చిన పేటెంటును త్వరగా తిరిగి పరిశీలించే కొత్త పద్ధతిని ఏర్పరచింది. అది 2012 సెప్టెంబరు 16న అమలులోకి వచ్చింది. పేటెంటు కార్యాలయంలోని నిపుణుల మండలి ముందు ఉభయపక్షాలూ వాదించుకుంటాయి. పాత ప్రచురణలు, పాత పేటెంట్లు అక్కడ ఆయుధాలు.

ఈ పద్ధతిని తొలినాళ్ళలోనే వాడుకున్న సంస్థల్లో మన క్యారీలోని సాస్ ఒకటి. కాంప్లిమెంట్‌సాఫ్ట్ అనే సంస్థకు ఉన్న సాఫ్ట్‌వేరు పేటెంటులోని 16 క్లెయిములూ చెల్లవని సాస్ వాదించింది. మండలి వాటిలో తొమ్మిదింటినే పరిశీలనకు తీసుకొని, మిగిలిన ఏడింటి సంగతి ఎత్తలేదు. అడిగినవన్నీ తేల్చకుండా సగంలో విడిచిపెట్టే అధికారం మండలికి ఉన్నదా? ఈ ప్రశ్న సుప్రీం కోర్టు దాకా వెళ్ళింది. 2018 ఏప్రిల్ 24న అయిదుగురు ఒకవైపు, నలుగురు ఒకవైపుగా కోర్టు తీర్పు చెప్పింది: పరిశీలనకు పూనుకుంటే, సవాలు చేసిన ప్రతి క్లెయిమును గురించీ మండలి నిర్ణయం చెప్పి తీరవలసిందే. ఆన్‌లైన్ చదువులకు సంబంధించిన పేటెంట్లతో సహా అన్ని పేటెంట్లకూ ఈ నియమమే వర్తిస్తుంది.

ఇంతకు ముందు 2014లో అదే సుప్రీం కోర్టు ఆలిస్ వ్యాజ్యంలో మరొక గట్టి మాట చెప్పింది. పాత ఆలోచనను మామూలు కంప్యూటరు మీద నడిపించినంత మాత్రాన అది పేటెంటుకు అర్హమైన ఆవిష్కరణ కాజాలదు. ఈ రెండు తీర్పుల మధ్య సాఫ్ట్‌వేరు పేటెంట్ల స్వరూపమే మారింది.

స్వదేశంలో పరిస్థితి కొంత భిన్నం. భారత పేటెంటు చట్టంలోని 3(కె) విభాగం ప్రకారం గణిత పద్ధతులు, వ్యాపార పద్ధతులు, కేవలం కంప్యూటరు ప్రోగ్రాములు ఆవిష్కరణలు కావు. 2004 డిసెంబరులో ఒక ఆర్డినెన్సు ద్వారా ఈ నియమాన్ని సడలించే ప్రయత్నం జరిగింది కాని, 2005లో పార్లమెంటు చేసిన సవరణ చట్టంలో ఆ సడలింపును విడిచిపెట్టారు. హైదరాబాదులోను, క్యారీలోను ఒకే సంస్థలో, ఒకే ప్రోగ్రాము మీద పనిచేసే ఇద్దరు ఇంజనీర్లకు రెండు వేర్వేరు చట్టాలు వర్తించడం ఈనాటి వింత!

మనం గ్రహించవలసినది

ఈ వ్యాసం న్యాయ సలహా కాదు. ఆ పనికి తగిన న్యాయవాదులు ఉన్నారు. కాని సామాన్య జ్ఞానంగా మూడు విషయాలు గుర్తుంచుకుంటే మేలు.

మొదటిది, పేటెంటు శీర్షిక చూసి బెదరిపోరాదు, పొంగిపోనూ రాదు. ఇంటర్నెట్టు ద్వారా విద్య అన్న పెద్ద శీర్షిక కింద నిజంగా హక్కు ఉన్నది ఎంతమేరకో క్లెయిములు చదివితేగాని తెలియదు. తమ పేరు మీద పేటెంటు దరఖాస్తు తయారవుతున్న మన యువ ఇంజనీర్లు, సంతకం చేసేముందు ఆ వాక్యాలను స్వయంగా చదవడం అవసరం. అసలు కొత్తదనం ఏ మాటలో ఉన్నదో ఆ మాట క్లెయిములో ఉన్నదో లేదో చూసుకోవాలి.

రెండవది, చేసిన పనిని వివరంగా వ్రాయాలి. ఫలితం చెప్పి, మార్గం దాచిన పత్రం కోర్టులో నిలవదు.

మూడవది అన్నిటికంటె ముఖ్యం. చేసిన పనిని తేదీతో భద్రపరచి, వీలయితే ప్రచురించాలి. డెలవేర్‌లోను, కార్నెల్‌లోను ఆనాడు చిన్న వ్యవస్థలు తయారు చేసినవారు, అవి ఒకనాడు కోర్టులో సాక్ష్యంగా నిలుస్తాయని అనుకొని ఉండరు. ఈనాడు మనలో ఎందరో వారాంతపు తెలుగు తరగతుల కోసం అక్షరాల ఆటలు, ఉచ్చారణ పాఠాలు, పరీక్షల ప్రోగ్రాములు సొంతంగా వ్రాస్తున్నారు. ఏ లాభాపేక్షా లేకుండా చేసే పని గనుక దానిని ఎక్కడా నమోదు చేయరు. రేపు మరెవరైనా అదే పద్ధతిపై పేటెంటు తెచ్చుకొని రుసుము అడిగితే, మాకు ముందే తెలుసునని చెప్పడానికి మన దగ్గర కాగితం ఉండాలి కదా! ఏ నెలలో ఏమి చేశారో, ఏ విధంగా చేశారో రెండు పేజీలు వ్రాసి అందరికీ అందుబాటులో పెట్టడానికి ఒక్క సాయంత్రం చాలు. అందుకు ఇటువంటి సంచికలోని పేజీలు కూడా పనికివస్తాయి.

మన గృహిణి ఈ రాత్రి కూడా ఒక్కసారే లాగిన్ అయి, ఒక తరగతిలో హోంవర్కు అప్పగించి, మరొక తరగతిలో మార్కులు వేసి నిద్రకు ఉపక్రమిస్తుంది. ఆ సౌకర్యం కోసం ఆమె ఎవరి అనుమతీ అడగనక్కరలేదు. పాతికేళ్ళ క్రిందట ఎవరో తమ పనిని వ్రాసిపెట్టుకున్నందువల్లనే అది సాధ్యమయింది.